కాశమ్మ కండ్లు, ఈదమ్మ పుత్తడాకు

1947 జూన్ 22, ఆదివారం. ఆరుద్ర కార్తె అప్పుడే మొదలైంది. పొద్దున పడమటి గాలితో సన్నని తుంపర పడింది. పది గంటలకు ఎండ కాసింది. మధ్యాహ్నం మబ్బు పట్టి, ఇదిగో కురుస్తా అదిగో కురుస్తా అని ఊరించి, చివరికి కందుకూరు వైపు వెళ్లిపోయింది. ఇంగ్లీషు తారీఖు ఇది. నిజాం సర్కారు కాగితాల్లో అదే రోజుకు ఫస్లీ తారీఖు ఇంకోటి ఉండేది, పంచాంగంలో మరోటి. ఒక్క వాన మూడు తారీఖుల్లో కురిసే కాలం అది.

ఆ రోజు కూడా కాశమ్మ రోజూ చేసే పనులే చేసింది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట కింద అత్తగారి పెరడు ఉంది. అక్కడ రాలిన చింతాకు ఊడ్చి కుప్ప చేసింది. బావిలో చేదతో నీళ్లు తోడి పసుపు బోదెలకు పోసింది. మేక పెంటికలు పిడికిట్లో నలిపి చేమ మొదళ్లలో వేసింది. ఆ తర్వాత కొంగుతో చేతులు తుడుచుకొని, నిటారుగా నిలబడి, తోటికోడలు ఈదమ్మ పెంచుతున్న పుత్తడాకు చెట్టు వైపు చూసి కాసేపు కుళ్లుకుంది. ఇది కూడా రోజువారీ పనే. నీళ్లు పోయడం ఒక పూట మరిచిపోయిందేమో గాని, ఇది ఏనాడూ మరవలేదు.

ఆ పెరట్లో రెండు చింతలు, ఒక మామిడి, ఒక వేప. నాలుగూ కొమ్మలు పెనవేసుకొని కప్పేయడం వల్ల నేల మీద ఎండపొడ కూడా పడేది కాదు. చింతనీడన ఏదీ బతకదని అందరూ అంటారు. పసుపు, చేమ, కొంచెం అల్లం ఎలాగో బతికేవి. వాటికి తోడు ఈ పుత్తడాకు. మోకాలెత్తు మొక్క. ఆకులు చూస్తే కంసాలి సుత్తితో పలుచగా సాగదీసినట్టు బంగారు రంగు. నీడలో ఉంటేనే ఆ రంగు. ఒక్క గంట ఎండ తగిలితే అప్పడంలా మాడిపోయేవి. ఎండాకాలం ఆకంతా రాల్చేసి, గడ్డ భూమిలో పడుకునేది. మిరుగు కార్తె చినుకులు పడగానే మళ్లీ ముక్కు బయటపెట్టేది.

ఆ గడ్డ రావిర్యాలలో ఉండే ఖాసీం సాబు ఇచ్చింది. ఆయన ముప్పై ఏళ్లు షహర్‌లో ఏదో నవాబు దేవిడీలో తోటమాలిగా చేసి, చూపు మందగించాక ఊరికి తిరిగొచ్చిన ముసలాయన. మనిషి మహా నిదానం. మొక్కను నాటే ముందు దాని చెవిలో ఏదో చెప్పేవాడని అనేవారు. కాశమ్మ అత్త మారెమ్మకు గడ్డ ఇస్తూ కూడా అంతే నిదానంగా చెప్పాడు.

"సూడు మారెమ్మా, దీనికి ఆకు ఎరువెయ్యి. తడి ఉండాలె, నీళ్లు నిలువొద్దు. గని పెంట ఒక్కటే సాలదు. దీన్ని సూసి జర కుళ్లుకునేటోళ్లు ఉండాలె. గది లేకుంటే పచ్చగనే ఉంటది, బంగారు రంగు రాదు."

"ఎంత కుళ్లుకోవాలె?" అని అడిగింది మారెమ్మ, బియ్యానికి ఎసరెంత అన్నట్టు.

"ఆకుకు మామూలు కుళ్లు సాలు. పువ్వు పుయ్యాలంటే మటుకు కడుపుల నుంచి రావాలె. నేను ముప్పై ఏండ్లల్ల ఒక్కపారే సూసిన."

మారెమ్మ గడ్డను కొంగులో మూటగట్టుకొని వచ్చింది. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలిసింది. ఎవరూ దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. ఆవుకు గడ్డి, పట్టుపురుగుకు ఆకు, దీనికి ఇది. ఏ ప్రాణి తిండి దానిది.

మారెమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్లకే మొగుడు పోతే, ఇద్దరు కొడుకులతో ఆ పెరటిని నిలబెట్టుకున్న మనిషి. బావి నీళ్ల మీద, చింతచెట్ల మీద ఎంతమంది కన్నేశారో లెక్కలేదు. అందుకని ఆమెకు ఒక నమ్మకం పడిపోయింది: పక్కవాళ్లు కుళ్లుకునేట్టు బతికినవాళ్ల చేతిలోనే భూమి నిలుస్తుందని. చిన్నకొడుకు శివయ్యకు పెళ్లై ఈదమ్మ కాపురానికి వచ్చిన ఏడాది, ఆ గడ్డను కొడవలితో రెండు చెక్కలు చేసి కోడళ్లిద్దరికీ చెరొకటి ఇచ్చింది. పెరడు తన స్త్రీధనం. కొడుకుల వాటాలతో దానికి సంబంధం లేదు.

"ఎవ్వరి చెట్టు పువ్వు పూస్తే గీ పెరడు వాళ్లకే. తర్వాత నా మీద ఏడ్వద్దు," అంది.

ఊరిపెద్ద మల్లేశయ్య ముందర ఈ మాట అన్నది కాబట్టి అది కాగితంతో సమానం.

కాశమ్మ ఆ పెరట్లో పదహారేళ్లు ఒళ్లు వంచింది. ఆ పసుపు బోదెలు ఆమె చేతివే. బావి గట్టు మీద రాళ్లు ఎక్కడ కదులుతాయో ఆమె కాళ్లకు తెలుసు. కాబట్టి పెరడు తనకే వస్తుందనుకుంది. చెట్టు పూయించడం ఏం పని? కాని తొలి ఏడు ఆమె చెక్క నుంచి వచ్చిన మొక్క పచ్చగా వచ్చింది. శుభ్రంగా, బలంగా, చేమాకంత పచ్చగా. ఈదమ్మది వారం తిరిగేసరికి బంగారం.

"నాది గిట్లెందుకున్నదత్తా?" అని అడిగింది కాశమ్మ.

"నిన్ను సూసి ఎవ్వలు కుళ్లుకుంటున్నరే?" అంది మారెమ్మ, పొగాకు కాడ దవడకు పెట్టుకుంటూ.

కాశమ్మ తన పచ్చ మొక్క వైపు చూసుకుంది. నిజమే. తనకు సంతానం లేదు. మొగుడు లింగస్వామి మంచివాడే గాని, పొలానికీ కల్లు దుకాణానికీ మధ్య దారి తప్ప ఇంకేదీ ఎరగడు. తనను చూసి కుళ్లుకోవాలంటే ఎవరైనా చాలా కష్టపడాలి. ఇక ఈదమ్మ. రావిర్యాల నుంచి వచ్చిన నవ్వుముఖం పిల్ల. ఏది పెట్టినా తినేది, ఏది కట్టినా నప్పేది. ఎవరి దగ్గర ఏమున్నా "మస్తుగున్నదక్కా" అని మనస్ఫూర్తిగా మెచ్చుకొని మరిచిపోయేది. కుళ్లు అనేది ఆ పిల్లకు చేతకాదు. అందువల్ల కాశమ్మ మొక్కకు తిండి లేదు.

ఈదమ్మ మొక్కకు మాత్రం మూడుపూటలా విందే.

కాశమ్మ దేనికి కుళ్లుకునేదంటే, పైకి చెప్పుకునే కారణాలు చాలా ఉన్నాయి. ఈదమ్మ ముక్కుపుడకలో ఎర్రరాయి. అత్త ఎవరి తలా ముట్టని మనిషి, ఈదమ్మను మాత్రం ముందర కూర్చోబెట్టుకొని నూనె రాయడం. బతుకమ్మ అడుగున నాలుగు పుత్తడాకులు పరిచి ఈదమ్మ తెచ్చేసరికి, పదేళ్లుగా ఊళ్లో పెద్దదనిపించుకున్న కాశమ్మ బతుకమ్మను ఎవరూ చూడకపోవడం. ఇవన్నీ నిజమే. కాని ఇవి ఆకులకు సరిపోయే కుళ్లు. అడుగున ఇంకొకటి ఉంది. దాన్ని ఆమె తనకు తాను కూడా చెప్పుకోలేదు.

కాశమ్మ కాపురానికి వచ్చేనాటికి శివయ్యకు నాలుగేళ్లు. మారెమ్మకు పొలం పనే సరిపోయేది. పదమూడేళ్ల పెళ్లికూతురు ఆ పిల్లగాణ్ని చంకనేసుకుంది. పళ్లు ఊడితే ఇంటి మీద వేయించింది. అమ్మవారు పోస్తే పదకొండు రోజులు వేపమండలతో విసిరింది. పొలం నుంచి రాగానే "వదినె, ఆకలైతాంది" అని గడప మీద కూర్చునేవాడు, ఆమె జొన్న అంబలి ముంత తెచ్చి చేతికిచ్చేది. మీసాలొచ్చినా ఆ గడపే, ఆ ముంతే. పెళ్లైన మర్నాడు శివయ్య పొలం నుంచి వచ్చి, ఆ గడప దాటి లోపలికి పోయి, "ఈదమ్మా" అని పిలిచాడు. లోకంలో ఏ పెళ్లైన మగాడైనా చేసే పనే. అంబలి ముంత పట్టుకొని బయటకొచ్చిన కాశమ్మ దాన్ని తానే తాగేసింది. ఆ వానాకాలం ఈదమ్మ మొక్క ఆకులు అరచేతి వెడల్పయ్యాయి.

ఆరుద్ర పోయి పునర్వసు వచ్చాక కాశమ్మ పుట్టింటికి పోయి పది రోజులు ఉంది. తిరిగి వచ్చేసరికి పుత్తడాకు వాడిపోయి నేలకు వంగి ఉంది. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు ఆమెను పలకరించారు.

"ఒచ్చినవా కాశమ్మా! నువ్వు లేక గా చెట్టు సిక్కి సగమైంది. మేం నలుగురం రోజూ జరంత సేపు కుళ్లుకున్నం గని, మా కుళ్లు ఏం జాలుతది?"

కాశమ్మ ఒకసారి అటు చూసింది. సాయంత్రానికి చెట్టు లేచి నిలబడింది.

ఈదమ్మకు మాత్రం ఇది సరిగ్గా తలకెక్కలేదు. ఆమె పుట్టింట్లో కూరగాయల మడికి కూడా దిష్టి తీసేవాళ్లు. చెట్టు బాగా పెరుగుతోంది, అక్క చూపు దాని మీదే ఉంది, ఎక్కడ దెబ్బ తగులుతుందో అని భయపడి, నల్లకుండకు సున్నపు బొట్లు పెట్టి, కర్రకు బోర్లించి, సరిగ్గా చెట్టు ముందు పాతింది. మూడు రోజులు తిరగలేదు, కొసన ఉన్న ఆకులు పచ్చబడ్డాయి. మారెమ్మ వచ్చి చూసి కుండను కర్రతో ఒక్కటేసి పగులగొట్టింది.

"దాని నోటికాడి కూడు ఆపినవ్ గదనే! దిష్టి తినే చెట్టుకు దిష్టికుండ పెడ్తరా ఎవలన్న? పాలు తాగే పోరనికి పెయ్యి నిండా వేపాకు రుద్దినట్టు!"

"నాకేమెర్క అత్తా? అక్క కండ్లు పడ్తయని..."

"పడాలెనే! పడ్తేనే బువ్వ!"

అవతల బోదె దగ్గర ఇదంతా వింటున్న కాశమ్మకు ఒళ్లు మండిపోయింది. తన కడుపుమంట ఆ పిల్ల చెట్టుకు ఎరువు. తను ఎంత ఏడిస్తే పెరడు అంత దగ్గరగా ఈదమ్మ ఒళ్లోకి జరుగుతోంది. ఆ రోజే నిశ్చయించుకుంది: ఇక చూడను. చూడకపోతే చస్తుంది.

తాటాకు తడిక ఒకటి అల్లి మధ్యన నిలబెట్టింది. తడికలో కంతలుంటాయని కట్టేవరకు తెలియలేదు. ఆ కంతల గుండా ఎంత వద్దనుకున్నా చూపు పోయేది. కంతలోంచి పోయిన కుళ్లు సన్నగా, సూటిగా వెళ్లి, చెట్టుకు ఒక వైపు ఒకే ఒక్క కొమ్మను గజమెత్తు లేపింది. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు ఆ వంకర చూసి పడీపడీ నవ్వారు. తడిక తీసేసింది. దానికి వీపు తిప్పి పని చేసింది. మెడ పట్టేసింది తప్ప లాభం లేకపోయింది. కళ్లు మూసుకుంటే ఇంకా బాగా కనబడేది. మనసులో కుళ్లుకున్నా చెట్టుకు అందేదని అప్పుడే తేలింది, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

ఆ ఏడు అలా గడిచింది. ఎండాకాలం గడ్డలు రెండూ పడుకున్నాయి. కాశమ్మ కూడా ఆ నాలుగు నెలలే కొంచెం నిద్రపోయింది.

1948 వానాకాలానికి ఊరు ఊరులా లేదు. ధాన్యం లెవీ అని గుంజుకుపోయేవాళ్లు ఒక వైపు, ఇచ్చేది లేదని సంగం పెట్టినవాళ్లు ఒక వైపు. ఎవరి ఇంటికి ఎవరొస్తారో తెలియదు. చుట్టమొచ్చినా తలుపు సందులోంచి చూసి తీసేవారు. రావిర్యాల బాటలో లెవీ బండ్లను అడ్డగించిన వాళ్లలో శివయ్య ఉన్నాడని పేరు బయటపడింది. ఆషాఢంలో ఒక పొద్దున అతను గొంగడి భుజాన వేసుకొని చెరువు వెనక గుట్టల్లోకి వెళ్లిపోయాడు. పోయేముందు తల్లి కాళ్లు మొక్కాడు. ఈదమ్మతో లోపల ఏదో మాట్లాడాడు. కాశమ్మతో "పోయొస్త వదినె" అన్నాడు.

అప్పుడు జరిగింది అసలు విచిత్రం. ఈదమ్మ నవ్వు ఆగిపోయింది. ముక్కుపుడక తీసి గూట్లో పెట్టేసింది. తలకు నూనె లేదు. ముద్ద గొంతు దిగక కంచం ముందు కూర్చొని ఉండేది. కాశమ్మ చూసి చూసి ఒకరోజు దగ్గర కూర్చుంది.

"తినే పిల్లా. ఉపాసం ఉంటె వాడొస్తడా?"

"పోతలేదక్కా."

కాశమ్మే ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఆ వేళ్లకు ఈదమ్మ కన్నీళ్లు అంటుకున్నాయి. రెండేళ్ల పాటు తడికలు కట్టినా ఆగనిది ఆ తడితో ఆగిపోయింది. ఎముకలు తేలిన పిల్లను చూసి ఎవరు కుళ్లుకోగలరు? జాలి వేసింది. జాలి ఆ చెట్టుకు తిండి కాదు. శ్రావణం పోయేసరికి పుత్తడాకు పన్నెండు రెమ్మలకు పడిపోయింది. సగం పచ్చబడింది. ఈ లెక్కన అది ఇంకెప్పుడూ పూయదు. పెరడు తనకే అన్నమాట. ఆ సంగతి కాశమ్మకు తెలుసు. సంతోషం మాత్రం రాలేదు.

సెప్టెంబరు 9, గురువారం. వినాయక చవితి అయి రెండు రోజులు. ఆకాశం తేటగా ఉంది, చెట్ల కింద మాత్రం రాత్రి వాన నీళ్లు ఇంకా బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. నడి మధ్యాహ్నం కాశమ్మ పసుపులో కలుపు తీస్తోంది. మారెమ్మ మామిడి కింద మంచం మీద ఉంది. చెరువు వైపు కంచె కదిలింది. శివయ్య. ముఖం జ్వరంతో ఎర్రగా ఉంది, కాలి మడమ వాచిపోయింది.

"వదినె, ఎంబడి వస్తున్నరు. కట్ట మీదున్నరు. ఉరుకుతందుకు కాలు లేదు."

ఇంట్లోకి పోవాలంటే ఊరి ముందర నుంచి పోవాలి. పెరట్లో దాక్కోవడానికి బావి ఒక్కటే, అందులో ముందు చూస్తారు. వేపచెట్టు పక్కన రాతిగోడ మూల ఒకటుంది. ఆ మూల ముందరే ఈదమ్మ పుత్తడాకు. శివయ్య దాని వెనక గోడకు ఆనుకొని ముడుచుకున్నాడు. పన్నెండు రెమ్మలు ఒక నిండు మనిషిని ఏం దాస్తాయి? మోకాళ్లు కనబడుతున్నాయి, తల కనబడుతోంది, మెడలో ఎర్రతువ్వాల కనబడుతోంది. సరిగ్గా అప్పుడే ఈదమ్మ అత్తకు గంజి తీసుకొని పెరట్లోకి వచ్చింది. ఆమె వెనకే ఎనిమిదిమంది రజాకార్లు.

ముందు నడిచేవాణ్ని మిగతావాళ్లు సాలార్ సాబ్ అని పిలిచారు. చేతికర్రతో మంచం కోడును తట్టాడు.

"ముసలీ, నీ చిన్నకొడుకు ఏడి?"

"నాకెర్క ఉంటే నేనే చెవి వట్టి గుంజుకొద్దును. తల్లికి గంజి పోసే కొడుకా వాడు?" అంది మారెమ్మ. ఆమె నోట్లో పొగాకు కాడ వణకలేదు. చేతిని మాత్రం దుప్పటి కిందికి తోసేసింది.

వాళ్లు బావిలో చూశారు. పసుపు బోదెలను బూట్లతో తొక్కారు. చింతాకు కుప్పను ఈటెతో పొడిచారు. ఒక్కొక్క అడుగే గోడ వైపు జరుగుతున్నారు. కాశమ్మ చేతిలో కలుపు అలాగే ఉంది. ఇప్పుడు చేయాల్సిందేమిటో ఆమెకు తెలుసు. కుళ్లుకోవాలి. చెట్టుకు తిండి పెట్టాలి. పెడితే అది పెరుగుతుంది. పూస్తే పెరడు పోతుంది. పోనీ పెరడు.

ఈదమ్మ వైపు చూసింది. ముక్కుపుడకను తలచుకుంది. బోసి ముక్కు కనబడింది. నూనె రాసిన తలను తలచుకుంది. చిక్కుపడిన జుట్టు కనబడింది. బతుకమ్మను తలచుకుంది. ఆ పిల్ల గంజిచెంబును ఒంటికి అదుముకొని నిలబడి ఉంది. ఎంత వెతికినా కడుపులో జాలి తప్ప ఇంకేం లేదు. జన్మలో మొదటిసారి కాశమ్మకు కుళ్లు కావలసి వచ్చింది, అది ఇంట్లో లేదు.

దిక్కుతోచక శివయ్య వైపు చూసింది. ఆకుల మధ్య అతని కళ్లు తెరిచి ఉన్నాయి. ఇంకో పది అడుగుల్లో ప్రాణం పోతుందని అతనికి తెలుసు. ఆఖరుసారిగా ఎవరిని చూసుకోవాలో వాళ్లనే చూస్తున్నాడు. ఈదమ్మను చూస్తున్నాడు. నాలుగేళ్ల వయసు నుంచి అతన్ని మోసిన చంక ఇక్కడ మధ్యలోనే ఉంది. ఆ చూపు దాని మీదుగా, ఒక్క క్షణమైనా ఆగకుండా, అటు పోయింది.

కాశమ్మ కడుపులో అడుగున ఉన్నది లేచింది. ఆమె పిలవలేదు, అదే లేచింది. అంబలి ముంతతో గడప మీద నిలబడిన నాటి నుంచి ముద్దలా పడి ఉన్నదంతా గొంతులోకి వచ్చి, కళ్లలోకి వచ్చింది. చూసింది, అంతే.

చిన్న చప్పుడైంది, ఉతికిన పెద్ద చీరను గాలిలో విదిలించినట్టు. పుత్తడాకు నేల నుంచి లేచింది. రెమ్మ మీద రెమ్మ వేసుకుంటూ గోడ ఎత్తు దాటింది. మోకాళ్లను కప్పింది, ఎర్రతువ్వాలను కప్పింది, ఆ రెండు కళ్లను కప్పింది. ఆ నీడంతా ఇత్తడి బిందె లోపలి భాగంలా వెలిగింది. తర్వాత రెమ్మరెమ్మకూ కొసన ఒక తీగ వంగి, దాని పొడుగునా ఎర్రని పూలు, చెవి జూకాల్లా వరసగా వేలాడాయి.

సాలార్ సాబ్ ఆగిపోయాడు. కాసేపు తల ఎత్తి చూశాడు.

"అరే, గిది గీడ కూడ ఉన్నదా! మా నవాబ్ సాబ్ దేవిడీల ఉంటుండె. ముగ్గురు బేగంలు ఉన్నా గింతగనం పెరగలే. పువ్వు పుయ్యనే లేదు." తన వాళ్ల వైపు తిరిగి నవ్వాడు. "ఎవలో మస్తు మండుతున్నరు ఈ ఇంట్ల."

చూపు ఈదమ్మ మీద నుంచి కాశమ్మ మీదికి వచ్చి ఆగింది. ఆమె ముఖం చూసి ఇంకేమీ అడగనక్కర లేకపోయింది.

"నువ్వా? ఆమె మీదనా?"

కాశమ్మ తల వంచుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు నిజమైందే.

"సాబ్, ఆకులల్ల పొడిచి సూద్దామా?" అన్నాడు ఈటె పట్టుకున్నవాడు.

"దిమాక్ ఉన్నదారా? ఆమె మొగడు గీడ ఉంటే ఈమె ఊకుంటదా? మనం రాకముందే కట్ట మీదికి ఉరికొచ్చి చెప్తుండె. గింత కుళ్లు పెట్టుకొని తోటికోడలి మొగణ్ని దాస్తరా ఎవలన్న? చలో."

పోతూ పోతూ ఒక పూలతీగ తెంపి టోపీకి చుట్టుకున్నాడు. వాళ్ల బూట్ల చప్పుడు కట్ట ఎక్కి అవతలికి దిగేదాకా ఎవరూ కదలలేదు. తర్వాత ఈదమ్మ ఆకులు చీల్చుకొని లోపలికి పోయింది. కాశమ్మ పసుపు బోదెల్లోకి వెళ్లి కూర్చొని కలుపు తీయడం మొదలుపెట్టింది. కలుపుతో పాటు పసుపు మొక్కలు కూడా పీకేస్తోందని చాలాసేపటికి గాని చూసుకోలేదు.

శివయ్య నాలుగు రోజులు ఆ చెట్టు వెనకే ఉన్నాడు. సోమవారం విమానాల చప్పుడు వినిపించింది. శుక్రవారం నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారట, శనివారానికి ఆ మాట ఇబ్రహీంపట్నం చేరింది. పోలీసు యాక్షన్ అన్నారు దాన్ని. పోలీసులెవరూ కనబడలేదు, మిలటరీ లారీలే కనబడ్డాయి. ఆ తర్వాత ఎవరెవరికి ఏమేం జరిగిందో అదంతా వేరే కథ, అన్నీ మంచివి కావు. ముసల్మానుల ఇళ్ల మీద పడుతున్నారని విని, ఖాసీం సాబును ఆ నెలంతా మారెమ్మ తన ఇంట్లోనే ఉంచుకుంది. ఆయన పెరట్లోకి వచ్చి, మందగించిన చూపుతో ఆ పూలను తడిమి, "రెండోపారి" అన్నాడు. ఎవరి వల్ల పూసిందని అడగలేదు.

మారెమ్మ ఆ పుష్యంలో పోయింది. ప్రాణం పోయే ముందు మల్లేశయ్యను పిలిపించింది. మాట తప్పే మనిషి కాదు. కాశమ్మ చేయి పట్టుకొని, "నాకు అంత ఎర్కనే బిడ్డా. గని మాట మాటే," అంది. కాశమ్మ "అవ్ అత్తా" అంది.

ముసలామె పోయాక అన్నదమ్ములు కూడా వేరుపడ్డారు. ఇంటి మధ్యన నిలువెత్తు గోడ లేచింది. కాశమ్మ తన మొక్కను, మూడేళ్లుగా పచ్చగానే ఉన్నదాన్ని, గడ్డతో సహా తవ్వి తెచ్చుకుంది. వాకిలివైపు గోడ నీడలో ఎక్కడ నాటాలా అని చాలాసేపు చూసింది. ఒకచోట రాళ్లు తక్కువపడి గోడ పొట్టిగా ఆగిపోయింది. అటువైపు నిలబడితే ఇటు అంతా కనబడుతుంది. సరిగ్గా అక్కడ నాటింది. ఆకు ఎరువేసింది.

ఆ ఏడు మిరుగు పడ్డాక ఒక మధ్యాహ్నం శివయ్య పొలం నుంచి వచ్చి, తన వాకిలి దాటి, అన్న వాకిట్లోకి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"వదినె, ఆకలైతాంది."

కాశమ్మ చేతిలో చేట ఆగింది. లోపలికి పోయి అంబలి ముంత తెచ్చింది.

"మీ ఇంట్ల వండలేదా?"

"వండింది. నాకు నీ చేతి అంబలి కావాలె." సగం తాగి ముంత దించాడు. "నా మీద కప్పుకున్న ఆకులు ఎవల కండ్లల్లకెల్లి వచ్చినయో నాకెర్క లేదనుకున్నవా?"

"తాగు. తాగుకుంట మాట్లాడకు, పొలమారుతది."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ. వారం రోజుల తర్వాత పొట్టిగోడ మీద ఈదమ్మ తల కనబడింది. ముక్కున ఎర్రరాయి పుడక, తలకు నిగనిగలాడే నూనె.

"అక్కా, అంబలిల ఏమేస్తున్నవ్? నేను పోస్తే సగం ఇడిసిపెడ్తున్నడు."

అడిగింది మామూలుగానే. కాని "మస్తుగున్నదక్కా" అనలేదు. ముంత వైపు, ముంత పట్టుకున్న మొగుడి చేతుల వైపు కొంచెం ఎక్కువసేపు చూసింది. తర్వాత తల గోడ కిందికి దిగిపోయింది.

తెల్లారి కాశమ్మ నీళ్లు పోస్తుంటే మొక్కకు కొసన ఒక ఆకు అంచు పసుపు రంగు తిరిగి ఉంది. వంగి చూసింది. పసుపు కాదు. మధ్యాహ్నం శివయ్య వచ్చినప్పుడు, "గడప మీద వద్దు, గోడ దిక్కు కూసో, గాలి తాకుతది," అని పీట అటు వేసింది.

మల్లేశయ్య రాయించిన పంపకం కాగితంలో ఇలా ఉంది. చెరువు కింద వరి పండే రెండెకరాల తరి శివయ్యకు. కందుకూరు బాటన నాలుగెకరాల మెట్ట చెలక, ఎడ్లజత లింగస్వామికి. ఇల్లు చెరిసగం. బావి, నాలుగు చెట్లు, పసుపు బోదెలు, పూసిన పుత్తడాకుతో సహా పెరడంతా ఈదమ్మకు. కాశమ్మ పేరు ఎదుట ఏమీ లేదు.